పిక్నిక్ తేదీ ఇప్పుడే మార్చండి

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలోని ప్రభుత్వ, ప్రైవేటు పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు, ప్రిన్సిపాళ్లకు, కరస్పాండెంట్లకు,



జూన్ 12న బడులు తెరిచారు. పుస్తకాలు, యూనిఫాంలు, బస్సు రూట్లు, కొత్త అడ్మిషన్లతో మీకు ఊపిరి సలపడం లేదని తెలుసు. అయినా పిక్నిక్ గురించి ఇప్పుడే రాస్తున్నాను. మీ దగ్గర ఆ మాట నవంబరు చివర్లో గానీ రాదు. అప్పటికి చేతిలో మిగిలేవి డిసెంబరు, జనవరి. నగరం నలుమూలల బడులన్నీ బస్సులెక్కేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. అందుకని నా విన్నపం ముందే చెప్పేస్తాను. ఈ ఏడు పిల్లల్ని వాటర్ పార్కుకో, అమ్యూజ్‌మెంట్ పార్కుకో తీసుకెళ్లే ఆలోచన ఉంటే ఆ రోజును డిసెంబరు, జనవరి రద్దీలోంచి బయటికి తీయండి. మంగళ, బుధ, గురువారాల్లో ఒక రోజు పెట్టండి. ఆ రోజు ఏదన్నది చుట్టుపక్కల బడుల వాళ్లతో మాట్లాడుకుని ఖాయం చేయండి.

నేను దేవరయాంజాల్‌లో ఒక గోదాములో డిస్పాచ్ పని చూస్తాను. మా ఊరి చుట్టూ పొలాలు తగ్గి గోదాములు ఎలా పెరిగాయో మీరూ చూస్తున్నారు. సరుకు ఎక్కించుకోవడానికి వచ్చే లారీలకు మేం ముందురోజే టైం చెబుతాం. ఒక బండి ఎనిమిదింటికి, ఒకటి పదిన్నరకు, ఇంకొకటి భోజనాల తర్వాత. అలా చెప్పని రోజున అన్నీ పొద్దున్నే వచ్చి రోడ్డు పొడుగునా ఆగిపోతాయి, డ్రైవర్లు హారన్లు కొడుతూ కూర్చుంటారు, సాయంత్రానికి లోడింగు పాయింటు ఖాళీగా ఉంటుంది. బండ్లు అవే, హమాలీలు వాళ్లే, సరుకూ అదే. మారేదల్లా ఎవరు ఎప్పుడు వచ్చారన్నదే. పార్కు ముందు పార్కింగులో పసుపుపచ్చ స్కూలు బస్సులు వరసగా ఆగి ఉండడం చూసినప్పుడు ఈ రద్దీ పిల్లల తప్పూ కాదు, ఒక్క పార్కు తప్పూ కాదు, తేదీల తప్పు అని నాకు అర్థమైంది.

పోయిన డిసెంబరులో మా పాప తరగతికి తోడుగా నగర శివార్లలోని ఒక పార్కుకు వెళ్లాను. పిల్లలు రాత్రి సరిగా నిద్రపోలేదు. తెల్లవారుజామునే లేచి, స్వెట్టర్లు వేసుకుని, చిప్స్ ప్యాకెట్లు సర్దుకుని బస్సు ఎక్కారు. గేటు దగ్గర ఒక లైను. బ్యాగులు వెతికే చోట ఇంకో లైను, బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి డబ్బాలన్నీ అక్కడే తీయాలి. లాకర్లకు ఒక లైను. నీళ్లలోకి కాటన్ బట్టలతో దిగనివ్వరని ఇంట్లో ఎవరికీ తెలియక నైలాన్ బట్టలు అద్దెకిచ్చే కౌంటరు దగ్గర మళ్లీ లైను. మొదటి రైడు ఎక్కకముందే పిల్లల మొహాల్లో పొద్దున్న ఉన్న ఉత్సాహం సగం పోయింది.

నాలుగో తరగతి అమ్మాయి ఒకతె ఆ రోజంతా నా చేయి పట్టుకుని తిరిగింది. పెద్ద రైడు ఒకదాని ముందు ఇనుప కడ్డీల మధ్య మెలికలు తిరిగే లైనులో తను చాలాసేపు నిలబడింది. ఒక మెలిక దాటినప్పుడల్లా వెనక్కి తిరిగి ఎంత దూరం వచ్చామో చూసుకునేది. తీరా ఎక్కే చోటికి చేరేసరికి అక్కడ గోడకు ఎత్తు కొలిచే గీత ఉంది. కుర్రాడు తనను ఆ గీత పక్కన నిలబెట్టాడు. తల గీత కిందే ఆగింది. మడమలు లేపి చూసింది. అతను మెల్లగా భుజం మీద చేయి వేసి కిందికి నొక్కి, పక్కదారి చూపించాడు. అతను చేసింది సరైన పనే, ఎత్తు నియమం ప్రాణాలకు సంబంధించింది. కానీ ఆ గీత సంగతి లైను మొదట్లో ఎవరూ చెప్పలేదు, బడిలో అసలే చెప్పలేదు. తను ఏడవలేదు. నా వైపు చూసి, “ఆంటీ, ఇప్పుడు మళ్లీ ఏ లైన్లో నిలబడాలి?” అని అడిగింది. ఈ ఉత్తరం నాతో రాయించింది ఆ ప్రశ్నే.

నాలుగు గంటలకు పీటీ సారు విజిల్ వేశారు. బస్సులో పిల్లలు ఎవరు ఎన్ని ఎక్కారో లెక్కలు చెప్పుకున్నారు. మూడు అన్నవాళ్లు ఉన్నారు, రెండు అన్నవాళ్లూ ఉన్నారు. ఆ టికెట్టు కోసం ఇంట్లో అడిగి, ఒప్పించి, డబ్బు తెచ్చిన పిల్లలు వీళ్లు. మా ఊళ్లో గోదాముల్లో మూటలు మోసే తల్లిదండ్రుల పిల్లలు కూడా ప్రైవేటు బడుల్లో చదువుతున్నారు. వాళ్లకు ఆ మొత్తం చిన్నది కాదు.

ఇంత రద్దీ ఎందుకొస్తుందో ఒక చిన్న లెక్కతో చెప్పనివ్వండి. మీ లెక్కల టీచర్లు దీన్ని తరగతిలో కూడా వాడుకోవచ్చు. సులువుగా ఉండడానికి అంకెలు నేనే వేస్తున్నాను. ఒక రోలర్ కోస్టరులో 24 సీట్లు అనుకుందాం. ఎక్కించడం, లాకులు సరిచూడడం, తిప్పడం, దింపడం కలిపి 4 నిమిషాలు. గంటకు 15 విడతలు, అంటే 360 మంది. గంటకు 300 మంది వస్తే లైను కాస్త ఉంటుంది, కదులుతూ ఉంటుంది. గంటకు 420 మంది వస్తే ప్రతి గంటకూ 60 మంది మిగిలిపోతారు. పదకొండింటి నుంచి మూడింటి దాకా అలా మిగిలినవాళ్లు 240 మంది. నిమిషానికి ఆరుగురు ఎక్కే రైడు కాబట్టి, మూడింటికి లైనులో చేరిన పిల్ల 40 నిమిషాలు నిలబడాలి. ఇప్పుడు ఆ గంటకు 60 మందిని తీసేసి చూడండి. లైను పెరగడం అక్కడితో ఆగిపోతుంది. 60 మంది అంటే ఒక స్కూలు బస్సుకు కాస్త ఎక్కువ, అంతే.

నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇదే. బడులన్నీ తేదీలు మార్చుకోనక్కర్లేదు. రైడు మోయగల హద్దు దాటిన తర్వాత వచ్చే ఆ కొద్దిమందే అందరినీ నిలబెడతారు. ఆ కొద్దిమంది వేరే రోజున వస్తే ఆ రోజు వచ్చినవాళ్లూ, ఈ రోజు వచ్చినవాళ్లూ ఇద్దరూ బాగుపడతారు. డెన్మార్కులో టెలిఫోన్ కంపెనీ ఇంజనీరు అగ్నర్ ఎర్లాంగ్ 1909లోనే ఇలాంటి లెక్కలు కట్టాడు. ఎక్స్చేంజీకి వచ్చే కాల్స్‌కు ఎన్ని లైన్లు కావాలన్నది అతని ప్రశ్న. క్యూల శాస్త్రమంతా అక్కడ మొదలైంది. లైనులో ఎంతమంది ఉన్నారో, నిమిషానికి ఎంతమంది ముందుకు పోతున్నారో తెలిస్తే ఎంతసేపు ఆగాలో చెప్పొచ్చన్న సూత్రాన్ని అమెరికా ఆచార్యుడు జాన్ లిటిల్ 1961లో నిరూపించాడు. ఏడో తరగతి పిల్లకు భాగహారం వస్తే చాలు, తనే లెక్కేసుకుని “ఇక్కడొద్దు, అటు వెళ్దాం” అని నిర్ణయించుకోగలదు. పిల్లలకు ఆ లెక్క నేర్పి పంపండి.

ఇక డిసెంబరే ఎందుకు? మీ కారణాలు నాకు తెలుసు, అవి తేలిగ్గా తీసేయదగ్గవి కావు. సమ్మేటివ్ పరీక్ష అయిపోతుంది. పదో తరగతికి ప్రీ-ఫైనల్స్ ఇంకా మొదలుకావు. ఎండ ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, జూన్‌లో ఫీజులు, పుస్తకాలు, బూట్లు, బస్సు చార్జీలు కట్టి తల్లిదండ్రుల చేయి ఖాళీ అవుతుంది, జులైలో పిక్నిక్ డబ్బు అడిగితే మొహం మాడుతుంది. ఇది నేను ఒప్పుకుంటాను. ఒక తల్లిగా నాకూ జులై కష్టమే.

కానీ డిసెంబరులో పిల్లలు ఏం చేస్తున్నారో కూడా చూడండి. చలికాలంలో నీళ్లలో దింపుతున్నాం. మన మేడ్చల్ వైపు పొద్దున్నపూట చలి నగరం మధ్యలో కంటే గట్టిగా ఉంటుంది. వేవ్ పూల్ నుంచి బయటికొచ్చిన చిన్నపిల్లలు పళ్లు కొట్టుకుంటూ, తువ్వాళ్లు కప్పుకుని, ఎండ పడే చోటు వెతుక్కుంటూ నిలబడతారు. డిసెంబరులో మనకు ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. జులై, ఆగస్టుల్లో దాదాపు ఇంకో గంట వెలుగు ఉంటుంది. దూరం కూడా చూడండి. వండర్‌లా పార్కు రావిర్యాల దగ్గర ఉంది, అవుటర్ రింగు రోడ్డు మీద 13వ ఎగ్జిట్. మనం 7వ ఎగ్జిట్, శామీర్‌పేట దగ్గర ఎక్కి కీసర, ఘట్‌కేసర్, పెద్ద అంబర్‌పేట మీదుగా తూర్పు పక్కంతా చుట్టి వెళ్లాలి. రామోజీ ఫిల్మ్ సిటీ అన్నా పెద్ద అంబర్‌పేట దాకా పోవాల్సిందే. అంటే ఉత్తరం కొసన ఉన్న మన బస్సులు అందరికంటే ఆలస్యంగా చేరతాయి, చీకటి పడకముందే తిరిగి రావాలని అందరికంటే ముందు బయల్దేరతాయి. డిసెంబరు పొద్దుటి పొగమంచులో అవుటర్ మీద బస్సు నడిపే డ్రైవరును అడగండి, ఏ నెల మేలో ఆయన చెబుతారు.

నా మట్టుకు నేను ఆగస్టు 15 దాటాక దసరా సెలవుల లోపు మంచి రోజులు దొరుకుతాయనుకుంటున్నాను. వినాయక నవరాత్రుల్లో, ముఖ్యంగా నిమజ్జనం వారంలో రోడ్ల మీద బస్సులు కదలవు, ఆ రోజులు వదిలేయండి. అది కుదరకపోతే నవంబరు. కార్తీకమాసంలో ఆదివారాలు వనభోజనాల జనంతో కీసరగుట్ట దారిలో ప్రతి తోటా నిండిపోతుంది. కానీ మంగళ, బుధవారాలకు ఆ రద్దీ ఉండదు. బాలల దినోత్సవం నవంబరు 14 కాబట్టి ఆ తేదీకి అటూ ఇటూ రెండు రోజులు అందరూ అనుకుంటారు, అది కూడా దాటేయండి. డబ్బు సంగతికి వస్తే, ఇప్పుడే తేదీ చెప్పి మూడు విడతల్లో తీసుకుంటే ఏ ఇంటికీ బరువు కాదు. చాలా పార్కుల్లో వారం మధ్యలో టికెట్టు వారాంతం కంటే తక్కువ. ఆ తేడా పిల్లల ఖాతాలోనే వేయండి.

వాన పడితే? పడొచ్చు. ఉరుములు, మెరుపులు ఉన్నంతసేపు రైడ్లు ఆపుతారు, ఆపాలి కూడా. అందుకే బుక్ చేసేటప్పుడే రెండో తేదీ ఒకటి రాయించుకోండి. గుంపుగా వచ్చే బడికి ఆ సర్దుబాటు చేయమని అడిగే హక్కు ఉంది. మబ్బు పట్టి, అప్పుడప్పుడు తుంపర పడే రోజు వాటర్ పార్కుకు ఎండకాసే రోజు కంటే మంచిది, పిల్లలు ఎలాగూ తడుస్తారు. జ్వరాల కాలమని ఎవరైనా అంటే ఆ మాటకు మాత్రం నేను తలొగ్గుతాను. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఊళ్లో డెంగీ, వైరల్ జ్వరాలు ఎక్కువగా ఉంటే యాత్ర వాయిదా వేయడమే సరి. అందుకే నవంబరును కూడా చేతిలో ఉంచుకోమంటున్నాను.

తేదీ ఖాయం చేసే ముందు పార్కు గ్రూప్ బుకింగ్ వాళ్లను ఒక ప్రశ్న అడగాలి: “ఆ రోజు ఇంకా ఎన్ని బడులు వస్తున్నాయి, మొత్తం ఎంతమంది పిల్లలు?” ఒక కుటుంబం టికెట్టు కొనుక్కుని వెళ్తే ఈ ప్రశ్న అడిగినా జవాబు దొరకదు. 200 మందిని తీసుకెళ్లే బడి అడిగితే చెప్పక తప్పదు, ఎందుకంటే వాళ్ల రిజిస్టరులో ఆ సంగతి ఉంటుంది. ఆ జవాబు విని, ఎక్కువనిపిస్తే రోజు మార్చమనండి. డిస్కౌంటు కోసం మీరు ఎంత గట్టిగా మాట్లాడతారో నాకు తెలుసు. ఒక్కో టికెట్టు మీద కొన్ని రూపాయలు తగ్గించుకోవడం కంటే లైను తగ్గే రోజు అడిగి తీసుకోవడం పిల్లలకు ఎక్కువ మేలు.

జనాన్ని రోజుల మీదా, గంటల మీదా పంచడం మన నగరానికి కొత్త కాదు. నాంపల్లి నుమాయిష్ 1938 నుంచి సాగుతోంది, సాధారణంగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా. అందులో లేడీస్ డే అని ఆడవాళ్లకే ఒక రోజు కేటాయించే ఆనవాయితీ ఉంది. గుంపులో నలిగిపోయేవాళ్లకు ఒక రోజు తమది అనిపించింది కాబట్టే అది నిలబడింది. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి స్నో వరల్డులో జనాన్ని బ్యాచీలుగా లోపలికి పంపే పద్ధతి మనం చూసిందే, ఒక బ్యాచీ బయటికొచ్చాక ఇంకొకటి. తిరుమలలో సర్వదర్శనానికి వెళ్లే వాళ్లు వైకుంఠం క్యూ కాంప్లెక్సు గదుల్లో గంటలు గంటలు కూర్చునే రోజుల నుంచి చేతిలో సమయం రాసిన టోకెను పట్టుకుని వచ్చే పద్ధతి దాకా వచ్చారు. గదులు పోలేదు, రద్దీ రోజుల్లో అవీ నిండుతాయి. అయినా టోకెను ఉన్నవాడికి ఎప్పుడు రావాలో తెలుసు, ఆ లోపు బసలో పడుకుంటాడో, తిని వస్తాడో అతని ఇష్టం.

అదే తిరుపతిలో 2025 జనవరి 8 రాత్రి ఏం జరిగిందో కూడా మరిచిపోకూడదు. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసమే గుమిగూడిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. రద్దీ తగ్గించడానికి పెట్టిన టోకెనును కూడా అందరికీ ఒకే సమయానికి పంచితే అక్కడే రద్దీ పుడుతుంది. పిల్లల విషయంలో ఈ మాట నేను బెదిరించడానికి అనడం లేదు. కానీ మూడు వందల మంది పిల్లలు, పది మంది టీచర్లు, ఒకే గేటు, విజిల్ వేయగానే అందరూ బస్సుల వైపు పరుగు. అలాంటి చోట నిలబడిన ఏ పెద్దవాళ్లకైనా గుండె చిక్కబట్టుకోవాల్సి వస్తుంది. జనం తక్కువున్న రోజు ఎంచుకోవడం సరదా కోసం ఎంతో, క్షేమం కోసం అంత.

పార్కులో టీచర్లు చేయగలిగినవి కూడా కొన్ని ఉన్నాయి. యాత్రకు వారం ముందు ప్రతి పిల్ల ఎత్తు బడిలోనే కొలిచి, ఏ రైడుకు ఎంత ఎత్తు కావాలో పార్కు ఇచ్చిన పట్టికతో సరిచూసి, పిల్ల చేతికి చీటీ ఇవ్వండి. నైలాన్ బట్టలు యూనిఫాం లోపలే వేసుకుని రమ్మనండి, ఆ అద్దె కౌంటరు, బట్టలు మార్చుకునే గదుల లైను రెండూ తప్పుతాయి. పదీ పన్నెండు మంది పిల్లలకు ఒక పెద్దవాళ్లు తోడుండాలి. లోపలికి అడుగుపెట్టగానే గేటు పక్కనే కనబడే రైడు దగ్గర ఆగొద్దు, అందరూ అక్కడే ఆగుతారు. నేరుగా చిట్టచివరికి నడిచి అక్కడి నుంచి వెనక్కి రండి. పెద్ద రైడ్లు మొదటి గంటలో ఎక్కించేయండి. ఒంటిగంటకు అందరూ అన్నం దగ్గర ఉంటారు కాబట్టి మన పిల్లలకు పన్నెండింటికే పెట్టండి, లేదా రెండింటి దాకా ఆపండి. కొన్ని కోస్టర్లలో రైలు ఒక్కటే ఉంటుంది, ముందుకెళ్లి, అదే పట్టాల మీద వెనక్కొచ్చి ఆగేదాకా తర్వాతి వాళ్లు ఎక్కడానికి లేదు. అలాంటి చోట లైను చిన్నగా కనబడినా మెల్లగా కదులుతుంది. ఈ తేడా టీచరుకు ముందే తెలిస్తే పిల్లలకు గంట మిగులుతుంది. స్నేహితురాలి పక్కనే కూర్చోవాలని పట్టుబట్టి ఒక్కొక్కరు ఆగిపోతే సీట్లు ఖాళీగా తిరుగుతాయి, అది కూడా పిల్లలకు చెప్పి పంపండి.

ఫాస్ట్ ట్రాక్ టికెట్ల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. ఎక్కువ డబ్బు కడితే వేరే దారిలో ముందుగా ఎక్కించే పద్ధతి చాలా పెద్ద పార్కులకు వచ్చేసింది. అమెరికాలో డిస్నీ 1999లో ఫాస్ట్‌పాస్ పెట్టినప్పుడు అది ఉచితం. టికెట్టున్న ఎవరైనా మిషను దగ్గర సమయం తీసుకుని ఆ వేళకు రావచ్చు. 2021లో ఆ ఉచిత పద్ధతి ఎత్తేసి దాని స్థానంలో డబ్బు కట్టే పద్ధతి తెచ్చారు. అక్కడ పిల్లల్ని తీసుకెళ్లే మన తెలుగు కుటుంబాలకు ఆ ఖర్చు తెలుసు. కుటుంబాలుగా వెళ్లినప్పుడు కొనుక్కోవడం, మానుకోవడం ఎవరిష్టం వాళ్లది. బడి తీసుకెళ్లినప్పుడు మాత్రం ఇది ఉండకూడదు. నేను వెళ్లిన రోజు ఒక బడి పిల్లల్లో ఇద్దరు ముగ్గురు ఇంటి నుంచి తెచ్చిన డబ్బుతో ఆ పాసులు కొనుక్కుని పక్కదారిలో వెళ్లిపోయారు. అదే తరగతి పిల్లలు కడ్డీలకు ఇవతల నిలబడి చూస్తున్నారు. ఒకే బెంచీ మీద కూర్చునే పిల్లలు వాళ్లు. ఆ పక్కదారి నుంచి ఒక్కొక్కరు ముందుకు పోయినప్పుడల్లా ఈ లైనులో వాళ్ల సమయమే పెరుగుతుంది, అది లెక్కలోనూ నిజమే. దయచేసి సర్క్యులరులోనే రాయండి: బడి యాత్రలో ఎవరూ ఫాస్ట్ ట్రాక్ కొనకూడదు, అందరూ ఒకే లైను. తప్పనిసరైతే తరగతి మొత్తానికి కొనండి, లేదంటే ఎవరికీ వద్దు.

రెండో తరగతి లోపు పిల్లల్ని అసలు పెద్ద పార్కులకు తీసుకెళ్లొద్దని నా అభిప్రాయం. వాళ్లకు ఎక్కగలిగే రైడ్లు కొన్నే, నడిచేది ఎక్కువ, నిలబడేది ఇంకా ఎక్కువ. మన పక్కనే శామీర్‌పేట చెరువు ఉంది, జవహర్ జింకల పార్కు ఉంది. కండ్లకోయ దగ్గర అటవీ శాఖ తెరిచిన ఆక్సిజన్ పార్కు ఉంది. ఆ వయసు పిల్లలకు పరిగెత్తడానికి నేల, చూడడానికి జింకలు, తినడానికి పులిహోర ఉంటే చాలు. ఈ చోట్లకు కూడా ఆదివారం కాకుండా వారం మధ్యలో వెళ్తే టీచర్లకు పిల్లల్ని లెక్కపెట్టుకోవడం సులువు.

ప్రభుత్వ బడుల ప్రధానోపాధ్యాయులకు వేరుగా ఒక మాట. మీ పిల్లలకు ఇలాంటి యాత్ర ఎప్పుడో ఒకసారి వస్తుంది, అదీ ఎవరైనా దాత ముందుకొస్తేనో, ఊళ్లో చందాలు పోగైతేనో. ఆ దాత వీలును బట్టి జనవరి 1 అనో, రెండో శనివారం అనో తేదీ పడుతుంది. దయచేసి ఆ తేదీకి ఒప్పుకోకండి. బస్సు ఎక్కించి జెండా ఊపే కార్యక్రమం ఏ బుధవారమైనా పెట్టుకోవచ్చు. మళ్లీ ఎప్పుడు వెళ్తారో తెలియని పిల్లలు కనుక, అందరికంటే ఖాళీగా ఉన్న రోజు వాళ్లకే దక్కాలి. 

ఇవన్నీ ఒక బడి ఒంటరిగా చేస్తే కొంత ఫలితం ఉంటుంది. పది బడులు కలిస్తే చాలా తేడా కనిపిస్తుంది. మండల విద్యాధికారి గారు ప్రధానోపాధ్యాయులతో సమావేశం పెట్టినప్పుడు ఒక కాగితం తిప్పితే చాలు. ఏ బడి, ఏ వారం, ఏ పార్కు, ఎంతమంది, ఇన్నే గడులు. ప్రైవేటు బడుల యాజమాన్యాలకు సంఘాలున్నాయి, వాట్సాప్ గ్రూపులున్నాయి, ఫీజుల గురించి, సెలవుల గురించి అందులో మాట్లాడుకుంటూనే ఉన్నారు. పిక్నిక్ తేదీ కూడా అందులో పెట్టండి. రెండు బడులు ఒకే రోజు అనుకుంటే ఒకరు మరుసటి వారానికి జరగాలి, అంతే. ఇందుకు జీవో అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

బండ్లకు టైం వేసే పట్టిక తయారు చేయడం నా రోజువారీ పని. బడుల పేర్లు, పిల్లల సంఖ్యలు ఇస్తే ఆగస్టు నుంచి నవంబరు దాకా ఏ బడి ఏ రోజున వెళ్తే ఒకరికొకరు అడ్డు రారో ఒక పట్టిక వేసి ఇస్తాను. మా దేవరయాంజాల్ తల్లుల్లో కొందరం ఎత్తు కొలవడానికి, చీటీలు రాయడానికి, యాత్ర రోజున పిల్లల వెంట రావడానికి సిద్ధంగా ఉన్నాం. జులైలో మీరు పెట్టే మొదటి పేరెంట్స్ మీటింగుకు రెండు తేదీలు రాసి తీసుకురండి, ఒకటి అసలుది, ఒకటి వాన పడితే వెళ్లేది. డబ్బు విడతల సంగతి ఆ మీటింగులోనే తల్లిదండ్రులతో మేం మాట్లాడతాం.

ఇట్లు,
దేవరయాంజాల్ నుంచి ఒక విద్యార్థిని తల్లి